టీ కణాల్లో నూటికి 95 థైమస్‌లోనే చచ్చిపోతాయట, ఎందుకంత వృథా?

మద్దిలపాలెం_మైత్రి
ఎమ్మెస్సీ రెండో ఏడాది చదువుతున్నాను. వచ్చే గురువారం సెమినార్ ఇవ్వాలి. ఛాతీలో గుండె పైన ఉండే థైమస్ అనే గ్రంథిలో, క్రిములతో పోరాడే తెల్ల రక్తకణాలైన టీ కణాలు ఎలా తయారవుతాయి అన్నది నాకు వచ్చిన అంశం. అంతా బాగానే అర్థమైంది, ఒక్క వాక్యం దగ్గర మాత్రం వారం రోజులుగా ఆగిపోయాను. థైమస్‌లో పెరిగే కణాల్లో నూటికి 95కి పైగా బయటికి రాకుండా అక్కడే చచ్చిపోతాయట. ఎముక మజ్జ నుంచి రప్పించి, లక్షల్లో పెంచి, చివరికి చంపెయ్యడం ఏమిటి? మా దగ్గర అడిగితే "పుస్తకంలో ఉన్నది చెప్పమ్మా, ఎందుకు, ఏమిటి అని కూర్చుంటే సిలబస్ అవ్వదు" అన్నారు. ఆ ప్రశ్నకి జవాబు తెలియకుండా బోర్డు ముందు నిలబడాలని నాకు లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి. తెలుగులో చెబితే ఇంకా మంచిది. ఇంగ్లీషులో చదివినప్పుడు అర్థమైనట్టే ఉంటోంది, తెల్లారేసరికి పోతోంది.

గాజువాక_గిరి
నాది ఇంజినీరింగ్, ఈ సబ్జెక్టు తెలీదు. ప్రశ్న మాత్రం బాగుంది. మా ప్లాంటులో నూటికి 95 పీసులు రిజెక్ట్ అయితే ఆ లైను మధ్యాహ్నానికి ఆపేస్తారు. ఫాలో అవుతున్నా.

కైలాసగిరి_కిరణ్
ఇందులో వింత ఏముంది? ఆర్మీ ర్యాలీకి వేలమంది వస్తారు, పదుల్లో తీసుకుంటారు. థైమస్ కూడా అంతే. పరుగులో ఫెయిలైతే అవుట్.

మద్దిలపాలెం_మైత్రి
కిరణ్ గారూ, ర్యాలీలో ఫెయిలైనవాళ్ళు బస్సెక్కి ఇంటికి వెళ్తారు కదా. ఇక్కడ చచ్చిపోతున్నాయి. నా ప్రశ్న అదే.

ల్యాబ్_లక్ష్మి
నేను ఫ్లో సైటోమెట్రీ (రక్తకణాల్ని రకాలవారీగా లెక్కపెట్టే) ల్యాబ్‌లో తొమ్మిదేళ్ళుగా పని చేస్తున్నాను. నాకు తెలిసింది రాస్తాను, కొంచెం పెద్దదవుతుంది.

టీ కణం ఒంటిమీద ఉండే గ్రాహకం, అంటే టీసీఆర్, మనకి తల్లిదండ్రుల నుంచి తయారుగా రాదు. ప్రతి కణం తన డీఎన్‌ఏలో కొన్ని ముక్కల్ని కత్తిరించి, మళ్ళీ అతికించుకుని, తన గ్రాహకాన్ని తానే తయారు చేసుకుంటుంది. ఆ అతుకు గుడ్డిగా పడుతుంది. గుడ్డిగానే పడాలి, ఎందుకంటే రేపు ఏ వైరస్ వస్తుందో శరీరానికి ముందే తెలీదు. ఇప్పటిదాకా పుట్టని క్రిమికి కూడా సరిపోయే గ్రాహకం ఎక్కడో ఒక కణం మీద ఉండాలంటే లాటరీ వెయ్యడం తప్ప దారి లేదు.

గుడ్డి అతుకులో మొదటి నష్టం అక్కడే. జన్యువుని మూడేసి అక్షరాలుగా చదువుతారు కాబట్టి అతుకు వరసలో పడే అవకాశం మూడింట ఒక వంతు. మిగతావాటిలో అర్థంలేని ప్రోటీన్ వస్తుంది, లేదా అసలు రాదు. గ్రాహకంలో ఆల్ఫా, బీటా అని రెండు ప్రోటీన్ గొలుసులుంటాయి. ముందు తయారయ్యే బీటా గొలుసు సరిగ్గా కుదరని కణం ఆ దశ దాటలేదు. అక్కడే రాలిపోతుంది. దీన్ని బీటా సెలెక్షన్ అంటారు. అంటే 95లో మొదటి వాటా అసలు గ్రాహకమే లేనివాటిది. వాటిని బతికించి చేసేదేమీ లేదు.

గాజువాక_గిరి
మరి గ్రాహకం బాగా కుదిరినవి?

ల్యాబ్_లక్ష్మి
వాటికి అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది గిరి గారూ. డ్యూటీకి వెళ్తున్నా, రాత్రి రాస్తాను. ఈలోగా డాక్టర్ పద్మ గారు వస్తే బాగుండు.

సింహాచలం_మాస్టారు
అమ్మా మైత్రీ, జీవశాస్త్రం ముప్పై ఏళ్ళు చెప్పి రిటైరయ్యాను. నువ్వు "చంపెయ్యడం" అని రాశావు. అడ్డం వచ్చింది ఆ మాటే అనుకుంటాను.

1972లో అబెర్డీన్‌లో కెర్, వైలీ, కర్రీ అనే ముగ్గురు ఈ మరణానికి ఒక కొత్త పేరు పెట్టారు. అక్కడి గ్రీకు ప్రొఫెసర్ జేమ్స్ కార్మాక్‌ని అడిగితే ఆయన 'అపోప్టోసిస్' అనే మాట ఇచ్చాడు. చెట్టు నుంచి ఆకులు, పువ్వు నుంచి రేకులు రాలడం అని దాని అర్థం. మన తెలుగులో పండుటాకు రాలడం అంటాం, సరిగ్గా అదే.

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో ఒక్క చెట్టు మిగల్లేదు. పచ్చి కొమ్మలు విరిగి, వేళ్ళతో సహా లేచి, ఇళ్ళ మీద పడ్డాయి. వారం రోజులు చెత్త ఎత్తలేకపోయాం. దెబ్బ తగిలి కణం చావడం అలాంటిది. కణం ఉబ్బి, పగిలి, లోపలి సరుకంతా చుట్టూ చిమ్మి, వాపు తెస్తుంది. నెక్రోసిస్ అంటారు. అపోప్టోసిస్ అలా కాదు. ఆకు తొడిమ దగ్గర చెట్టే ఒక పొర కట్టుకుంటుంది, ఆ తర్వాత ఆకు నిశ్శబ్దంగా రాలుతుంది. కణం కూడా తనలో ఉన్న ఏర్పాటుతో తానే ముడుచుకుని, చిన్న చిన్న మూటలుగా విడిపోతుంది. పక్కనున్న మాక్రోఫేజ్‌లు, అంటే చెత్తని మింగే కణాలు, ఆ మూటల్ని మింగేస్తాయి. చప్పుడు ఉండదు, మంట ఉండదు.

మద్దిలపాలెం_మైత్రి
మాస్టారూ, హుద్‌హుద్‌కి నేను ఏడో తరగతి. మా మేడ మీద పడిన వేపచెట్టు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. ఈ తేడా ఇక మర్చిపోను.

కైలాసగిరి_కిరణ్
బాగా చెప్పారు మాస్టారూ. కానీ పేరు మార్చితే పని మారదు కదా. మూటలు కట్టుకుని చచ్చినా చచ్చినట్టే. మైత్రి అడిగిన "ఎందుకు" ఇంకా అలాగే ఉంది.

పాథాలజీ_పద్మ
లక్ష్మి పిలిచింది కాబట్టి వచ్చాను. కిరణ్ అభ్యంతరం న్యాయమైనదే.

లక్ష్మి ఆపిన చోటు నుంచి. బీటా గొలుసు కుదిరిన కణాలు బాగా విభజన చెంది, ఒంటిమీద సీడీ4, సీడీ8 అనే గుర్తు ప్రోటీన్లు రెండూ పెట్టుకుంటాయి. డబుల్ పాజిటివ్ దశ అంటాం. థైమస్‌ని ఏ క్షణంలో చూసినా నూటికి 80 వరకూ ఈ దశలో ఉన్నవే. వీటి దగ్గర ఒక గడియారం ఉంటుంది. సుమారు మూడు నాలుగు రోజుల్లో థైమస్ కార్టెక్స్ (బయటి భాగం)లోని కణాల మీదున్న, ప్రోటీన్ ముక్కల్ని ఎత్తి చూపించే ఎంహెచ్‌సీ అణువుల్ని తన గ్రాహకంతో మెత్తగా పట్టుకోగలిగితే బతుకుతుంది. లేకపోతే పోతుంది. ఎవరూ వచ్చి చంపరు, గమనించండి. బతకమనే కబురు రాలేదు, అంతే. ఇంగ్లీషులో దీన్ని నిర్లక్ష్యం వల్ల మరణం అంటారు. ఆర్మీ ర్యాలీ పోలిక ఇక్కడే తప్పుతుంది కిరణ్. ర్యాలీలో మామూలుగా అందరూ బతికే ఉంటారు, కొందరిని తీసుకుంటారు. థైమస్‌లో మామూలు స్థితే మరణం. బతుకు అన్నది ప్రత్యేకంగా ఇవ్వాల్సిన అనుమతి.

ఇప్పుడు మైత్రి సెమినార్‌లో తప్పకుండా చెప్పాల్సింది. ఆ మూడు నాలుగు రోజుల గడువు ఎవరు పెట్టారు? కణం లోపల బీసీఎల్-ఎక్స్ఎల్ అనే కాపలా ప్రోటీన్ ఉంటుంది. అది కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాని చిల్లు పడకుండా కాస్తుంది. ఈ దశలో దాన్ని నిలబెట్టేది ఆర్‌ఓఆర్ గామా టీ అనే జన్యు నియంత్రకం. ఎలుకల్లో దాన్ని తీసేస్తే డబుల్ పాజిటివ్ కణాలు గడువు కంటే ముందే రాలిపోతాయి. అప్పుడు ఇంకొకటి కూడా జరుగుతుంది. మామూలుగా ఈ కణాలు ఆల్ఫా గొలుసు మొదటిసారి కుదరకపోతే, ఇంకో ముక్క తెచ్చి మళ్ళీ అతికించి చూస్తాయి. బతికున్నంత సేపూ ప్రయత్నం చేస్తూనే ఉంటాయి. ఆయుష్షు తగ్గితే డీఎన్‌ఏలో దూరంగా ఉన్న ముక్కల దాకా వెళ్ళే టైమ్ ఉండదు, వాటితో తయారయ్యే గ్రాహకాలు తగ్గిపోతాయి. అంటే మరణం ఎప్పుడు రావాలి అన్న ఒక్క లెక్క మన దగ్గర ఎలాంటి టీ కణాలు ఉండాలో నిర్ణయిస్తోంది. టీ కణాలు తయారవడం, కణ మరణం అని పుస్తకాల్లో వేరు వేరు పాఠాలుగా పెడతారు. నిజానికి రెండూ ఒకే పని.

మద్దిలపాలెం_మైత్రి
మేడమ్, ఇది మా పుస్తకంలో లేనే లేదు! గడియారం సంగతి చదివి ఒళ్ళు జలదరించింది.

ఒక డౌట్. మెత్తగా పట్టుకుంటే బతుకుతుంది అన్నారు. గట్టిగా పట్టుకుంటే చస్తుంది అని పుస్తకంలో ఉంది. అదే గ్రాహకం, అదే కబురు. ఒకసారి ప్రాణం, ఇంకోసారి మరణం ఎలా?

గాజువాక_గిరి
మీటర్ ముల్లు లాగా ఉంటుందేమో. తక్కువైతే కరెంటు చాలదు, ఎక్కువైతే ఫ్యూజు పోతుంది, మధ్యలో ఉంటే లైటు వెలుగుతుంది.

పాథాలజీ_పద్మ
గిరి గారు చెప్పింది దాదాపు సరైనదే. గట్టిగా పట్టుకున్నది అంటే మన సొంత శరీరాన్నే శత్రువు అనుకునేది. దాన్ని వదిలేస్తే రేపు థైరాయిడ్ మీదో, క్లోమం మీదో పడుతుంది. గట్టి సంకేతం అందినప్పుడు కణంలో బిమ్ అనే ప్రోటీన్ పెరుగుతుంది. అది కాపలా ప్రోటీన్లని పట్టి పక్కకి తోసేస్తుంది. అప్పుడు బాక్స్, బాక్ అనేవి మైటోకాండ్రియాకి చిల్లు పెడతాయి, అందులోని సైటోక్రోమ్ సీ అనే ప్రోటీన్ బయటికి కారుతుంది, కణాన్ని లోపలి నుంచి ముక్కలు చేసే కాస్పేజ్ ఎంజైములు పని మొదలుపెడతాయి. ఫ్యూజు అంటే ఇదే. 2002లో ఆస్ట్రేలియా వాళ్ళు బిమ్ లేని ఎలుకల్లో చూపించారు, సొంత శరీరాన్ని పట్టే కణాలు థైమస్‌లో చావకుండా మిగిలిపోతున్నాయని.

అయితే ముల్లు పోలిక ఒక్కటే చాలదు. సంకేతం ఎంతసేపు ఉంది, థైమస్‌లో ఏ మూల అందింది, చుట్టూ ఏ కణాలున్నాయి, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి. గట్టిగా పట్టినవాటిలో కొన్ని చావకుండా రెగ్యులేటరీ టీ కణాలుగా మారతాయి. మిగతా టీ కణాల్ని అదుపులో పెట్టే పని వాటిది. 2025 నోబెల్ మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్, షిమోన్ సకగుచిలకి వచ్చింది ఈ కణాలకి సంబంధించిన పనికే.

బీచ్‌రోడ్_భార్గవి
థైమస్‌లో ఉన్న కణానికి క్లోమం ఎలా ఉంటుందో ఎలా తెలుస్తుంది? ఇన్సులిన్ తయారయ్యేది అక్కడెక్కడో పొట్టలో కదా.

ల్యాబ్_లక్ష్మి
భార్గవి గారూ, మంచి చోట పట్టుకున్నారు. థైమస్ లోపలి భాగంలో కొన్ని కణాలు ఉంటాయి. ఎయిర్ అనే జన్యువు సాయంతో అవి ఒంట్లో ఎక్కడెక్కడో ఉండాల్సిన ప్రోటీన్లని కొంచెం కొంచెం తామే తయారుచేసి చూపిస్తాయి. ఇన్సులిన్ కూడా అందులో ఉంది. శరీరం మొత్తానికి ఒక శాంపిల్ ఎగ్జిబిషన్ అనుకోండి. దాన్ని చూసి ఎగబడిన కణం అక్కడే రాలిపోతుంది. ఎయిర్ జన్యువు చెడిపోయి పుట్టిన పిల్లలకి పారాథైరాయిడ్, అడ్రినల్ గ్రంథులు దెబ్బతింటాయి, నోట్లో ఫంగస్ వదలదు. ఆ జన్యువుని 1997లో గుర్తించారు.

ఎంవీపీ_మాధవి
ఇంతకాలం ఈ ఫోరమ్‌లో చదవడమే తప్ప రాయలేదు. ఈ రోజు రాయాలనిపించింది.

మా బాబుకి రెండేళ్ళప్పుడు మెడలో బిళ్ళలు కట్టాయి. జలుబు చేస్తే పిల్లలకి మామూలే అన్నారు. జలుబు తగ్గింది, బిళ్ళలు తగ్గలేదు. ఆ తర్వాత పొట్ట ఎడమ పక్క గట్టిగా తగిలేది, ప్లీహం పెరిగిందన్నారు. మొదట చూపించిన చోట టీబీ అని ఆరు నెలలు మందులు వాడించారు. ఒక్క పరీక్షలోనూ టీబీ క్రిమి కనపడలేదు, అయినా వాడించారు. ప్లేట్‌లెట్లు పడిపోయి ఒళ్ళంతా నీలం మచ్చలు వచ్చాక ఇంకో డాక్టరు రక్తం బెంగళూరు పంపించారు. ఫాస్ అనే జన్యువులో లోపం, జబ్బు పేరు ఆల్ప్స్ అన్నారు. ఆ పేరు వినగానే మా ఆయన "మంచుకొండల పేరేమిటి పిల్లాడి జబ్బుకి" అన్నారు. ఆ రోజు నవ్విన చివరి నవ్వు అదే.

డాక్టరు చెప్పిన ముక్క ఇంకా చెవిలో ఉంది. "మీ బాబుకి కణాలు తక్కువై కాదమ్మా, చావాల్సినవి చావక." ఆ రాత్రంతా నాకు అర్థం కాలేదు. చావకపోవడం కూడా జబ్బేనా అని. ఇక్కడ మీరు రాసింది చదువుతుంటే ఇప్పుడు అర్థమవుతోంది.

మద్దిలపాలెం_మైత్రి
మాధవి అక్కా, ఏం రాయాలో తెలియట్లేదు. బాబు ఇప్పుడు ఎలా ఉన్నాడు?

ఎంవీపీ_మాధవి
ఏడేళ్ళమ్మా. సిరోలిమస్ అనే మందు వాడుతున్నాం. ప్లీహం చాలా తగ్గింది. ప్లేట్‌లెట్లు నిలబడ్డాయి. స్కూలుకి వెళ్తున్నాడు. సాయంత్రం శివాజీ పార్కులో వాణ్ణి పట్టుకోవడం నా వల్ల కావట్లేదు.

సింహాచలం_మాస్టారు
తల్లీ, నీ ఓర్పుకి నమస్కారం. బాబుకి నా ఆశీస్సులు.

మద్దిలపాలెం_మైత్రి
అక్కా, మీకు అభ్యంతరం లేకపోతే పేరు, ఊరు లేకుండా ఈ కేసు సెమినార్‌లో చెప్పనా? ఆల్ప్స్‌లో డబుల్ నెగెటివ్ టీ కణాలు పెరుగుతాయని చదివాను. థైమస్‌లో మొదటి దశ కూడా డబుల్ నెగెటివ్వే కాబట్టి, పిల్లాడి థైమస్‌లో మరణం ఆగిపోయి ఆ కణాలు బయటికి వచ్చేశాయని చెప్పొచ్చా?

ల్యాబ్_లక్ష్మి
మైత్రీ, అలా చెప్పొద్దు! చాలామంది పడే గొయ్యి ఇది. పేరు ఒకటే, కణాలు వేరు. థైమస్‌లోని డబుల్ నెగెటివ్ ఇంకా సీడీ4, సీడీ8 పెట్టుకోని పసికణం. ఆల్ప్స్‌లో మేం లెక్కపెట్టేవి పూర్తి గ్రాహకం ఉన్న పెద్ద కణాలు. ఎన్నోసార్లు విభజన చెంది, పోవాల్సిన టైమ్‌లో పోకుండా తిరుగుతున్నవి. కణానికి చావమనే కబురు అందించే ఫాస్ పని ఎక్కువగా థైమస్ బయట. థైమస్‌లో సొంత శరీరాన్ని పట్టే కణాల్ని తీసెయ్యడంలో ప్రధాన పాత్ర బిమ్‌ది. ఈ రెండు దారుల్ని కలిపేస్తే ఎగ్జామినర్ అక్కడే పట్టుకుంటారు.

మద్దిలపాలెం_మైత్రి
అమ్మో, స్లైడ్ తయారు చేసేశాను కూడా. ఇప్పుడే తీసేస్తున్నా. థాంక్స్ లక్ష్మి గారూ.

ఎంవీపీ_మాధవి
చెప్పు మైత్రీ, నాకేం అభ్యంతరం లేదు. ఒక్కటి మాత్రం చెప్పు. మెడలో బిళ్ళ అనగానే టీబీ మందు మొదలుపెట్టెయ్యకుండా, తగ్గకపోతే ఇంకేమైనా ఉందేమో చూడాలని.

పాథాలజీ_పద్మ
మాధవి గారి మాట డాక్టర్లందరూ వినాలి. మన దగ్గర టీబీ ఎక్కువ కాబట్టి ముందు దాన్ని అనుమానించడం తప్పు కాదు. ఆధారం దొరకనప్పుడు, మందుకి లొంగనప్పుడు కూడా దాన్నే పట్టుకుని కూర్చోవడం తప్పు.

బిళ్ళల సంగతి వచ్చింది కాబట్టి ఒకటి. కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో బిళ్ళ కడుతుంది, పుండు మానాక కరిగిపోతుంది. మనందరికీ అనుభవమే. అదెలా కరుగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? క్రిమిని పట్టే టీ కణాలు వేలరెట్లు పెరుగుతాయి. పని అయ్యాక వాటిలో నూటికి 90కి పైగా అపోప్టోసిస్‌తో పోతాయి. మిగిలిన కొన్ని జ్ఞాపక కణాలుగా ఉండిపోతాయి. అవే లేకపోతే టీకాకి అర్థం లేదు. మిగతావి పోకపోతే ప్రతి జ్వరానికీ ఒక బిళ్ళ చొప్పున మన మెడ నిండిపోయేది.

కైలాసగిరి_కిరణ్
సరే, ఒప్పుకున్నాను. వృథా కాదు. కానీ పద్మ గారూ, ఎక్కువ కణాలు పోయేది కబురు అందక అని మీరన్నారు. ఎక్కడో చదివాను, అసలు గట్టిగా పట్టుకుని పోయేవే ఎక్కువని.

పాథాలజీ_పద్మ
మీరు చదివింది బహుశా 2013లో వచ్చిన ఎలుకల లెక్క. అంతకుముందు అంచనా నిర్లక్ష్యం వల్లే అధిక భాగం పోతుందని. గట్టి సంకేతం వల్ల పోయేవాటిని లెక్కపెట్టడం చాలా కష్టం, ఎందుకంటే చచ్చిన కణాన్ని మాక్రోఫేజ్‌లు ఎంత త్వరగా మింగేస్తాయంటే మైక్రోస్కోప్‌లో దొరకదు. అందుకని బిమ్ తీసేసి, చావకుండా ఆపి, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టారు. బతకడానికి ఎంపికైన వాటికంటే గట్టిగా పట్టి పోవాల్సినవి కొన్ని రెట్లు ఎక్కువని తేలింది. అయితే ఇది నిర్లక్ష్య మరణాన్ని కొట్టెయ్యదు. ఎంపికైన వాటితో పోల్చిన లెక్క ఇది, మొత్తం మరణాలతో పోల్చింది కాదు. మైత్రీ, సెమినార్‌లో "90 శాతం ఇలా, 5 శాతం అలా" అని కచ్చితంగా చెప్పకు.

రేవుకెరటం
నాదీ ఒక ప్రశ్న. మా పాపకి నాలుగో నెలలో గుండె ఆపరేషన్ అయింది. గుండెకి దారి కావాలంటే అడ్డంగా ఉన్న థైమస్‌లో కొంత తీసెయ్యాలని సర్జన్ ముందే చెప్పారు. ఆ రోజు గుండె తప్ప ఇంకేం పట్టలేదు, సంతకం పెట్టేశాను. ఇప్పుడు ఈ థ్రెడ్ చదివి గుండె గుభేలుమంది. పాపకి మూడేళ్ళు. టీ కణాలు ఉంటాయా?

పాథాలజీ_పద్మ
కంగారు పడకండి. చిన్నపిల్లల గుండె ఆపరేషన్లలో అది మామూలుగా జరిగేదే, వేరే దారి లేదు. పుట్టేసరికే చాలా టీ కణాలు ఒంట్లోకి వచ్చేసి ఉంటాయి, మిగిలిన ముక్క కూడా పని చేస్తుంది. టీ కణాల సంఖ్య కొంత తక్కువగా కనపడొచ్చు. ఎక్కువమంది పిల్లలు మామూలుగానే పెరుగుతారు. టీకాలు ఒక్కటి కూడా మానకండి. మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు వస్తుంటే మాత్రం మీ పిల్లల డాక్టర్‌కి ఈ సంగతి గుర్తుచేసి, సీడీ4 లెక్క చూడమని అడగండి.

రేవుకెరటం
ఇన్‌ఫెక్షన్లు పెద్దగా లేవు డాక్టర్ గారూ. రాత్రి నిద్ర పట్టేట్టు చేశారు.

సింహాచలం_మాస్టారు
రేవుకెరటం గారూ, ఆపరేషన్‌కి ముందు పాప ఎక్స్‌రే మీ దగ్గర ఉంటే చూడండి. పసిపిల్లల్లో థైమస్ గుండె పక్కన తెరచాప ఎగరేసినట్టు కనపడుతుంది. డాక్టర్లు దాన్ని తెరచాప గుర్తు అనే అంటారు. మన హార్బర్ వాళ్ళకి చెప్పక్కర్లేదు.

దీని వెనక ఒక విషాదం ఉంది. గత శతాబ్దం మొదట్లో, ఉన్నట్టుండి చనిపోయిన పసిపిల్లల్ని కోసి చూస్తే థైమస్ పెద్దదిగా కనపడేది. అదే గొంతు నొక్కి చంపిందనుకుని, బతికున్న పిల్లల థైమస్‌ని కుదించడానికి ఎక్స్‌రే కిరణాలు పెట్టారు. తర్వాత ఆ పిల్లల్లో థైరాయిడ్ క్యాన్సర్ మామూలు కంటే ఎక్కువగా వచ్చింది. నిజానికి ఆ థైమస్ పెద్దది కాదు, మామూలుదే. అప్పటిదాకా వైద్యులు కోసి చూసినవి ఎక్కువగా రోగంతో, ఆకలితో రోజుల తరబడి బాధపడి చనిపోయినవాళ్ళ శరీరాలు. ఒంటికి కష్టం వచ్చినప్పుడు అడ్రినల్ గ్రంథి నుంచి స్టెరాయిడ్ పెరుగుతుంది. డబుల్ పాజిటివ్ కణాలు దానికి ఇట్టే రాలిపోతాయి, థైమస్ ముడుచుకుపోతుంది. ముడుచుకుపోయినదాన్ని మామూలు అనుకుని, ఆరోగ్యంగా ఉన్నదాన్ని జబ్బు అనుకున్నారు. మా విద్యార్థులకి ఇది చెప్పిన ప్రతిసారీ క్లాసు నిశ్శబ్దమైపోయేది.

బీచ్‌రోడ్_భార్గవి
చదవగానే మా అబ్బాయిని ఒకసారి దగ్గరికి తీసుకున్నాను.

అసలు థైమస్ దేనికో ఎప్పుడు తెలిసింది?

సింహాచలం_మాస్టారు
1961 దాకా ఎవరికీ తెలీదమ్మా. లండన్‌లో జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన ఎలుకల్లో థైమస్ తీసేసి చూశాడు. లింఫోసైట్లు, అంటే టీ కణాల జాతి తెల్లకణాలు, తగ్గిపోయాయి, ఇన్‌ఫెక్షన్లు వచ్చాయి, వేరే ఎలుక చర్మం అతికించినా తిప్పికొట్టలేకపోయాయి. అంతకుముందు అది పనికిరాని అవయవం అని పాఠాల్లో చెప్పేవారు.

గాజువాక_గిరి
స్టెరాయిడ్ అనగానే గుర్తొచ్చింది. మా కాలనీలో ఒళ్ళు నొప్పులకి మెడికల్ షాపులో డెక్సా అడిగి తెచ్చుకుంటారు. మొన్న కోవిడ్‌లో ఇంట్లోనే వాడినవాళ్ళూ ఉన్నారు. మరోపక్క ఇమ్యూనిటీ పెంచే పొడులు. రెండూ ఒకే ఇంట్లో!

పాథాలజీ_పద్మ
కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవాళ్ళకి డెక్సామెథసోన్ ప్రాణం కాపాడింది, 2020లో బ్రిటన్ ట్రయల్‌లో తేలింది. ఆక్సిజన్ అవసరం లేనివాళ్ళకి ఉపయోగం కనపడలేదు. లింఫోసైట్లని రాల్చే గుణం ఉంది కాబట్టే పిల్లల లుకేమియా చికిత్సలో స్టెరాయిడ్ ఇప్పటికీ ముఖ్యమైన మందు. డాక్టరు చేతిలో ఉండాల్సింది షాపు కౌంటర్ మీద ఉంది, అదీ బాధ.

ఇమ్యూనిటీ పెంచడం అన్న మాట వింటే నాకు మాధవి గారి బాబు గుర్తొస్తాడు. టీ కణాలు ఎక్కువుంటే బలమైతే, ఆల్ప్స్ పిల్లలకంటే బలవంతులు ఉండకూడదు.

కైలాసగిరి_కిరణ్
చావు తప్పించుకున్న టీ కణం క్యాన్సర్ కూడా అవుతుందా?

ల్యాబ్_లక్ష్మి
అవుతుంది. థైమస్‌లో పెరిగే దశలోనే అదుపు తప్పితే టీ సెల్ లుకేమియా. ఛాతీలో గడ్డతో, ఆయాసంతో వచ్చే పిల్లల్ని చూస్తుంటాం. చావకపోవడం క్యాన్సర్‌కి దారి అని మొదట తెలిసింది మాత్రం యాంటీబాడీలు తయారుచేసే బీ కణాల్లో. బీసీఎల్-2 జన్యువు చోటు మారి ఎప్పుడూ ఆన్‌లో ఉండిపోతుంది. 1988లో డేవిడ్ వాక్స్ బృందం అది కణాన్ని పెంచట్లేదు, చావకుండా ఆపుతోంది అని చూపించింది. క్యాన్సర్ అంటే పెరగడమే అనుకుంటున్న రోజుల్లో అది కొత్త మాట. ఆ బీసీఎల్-2ని అడ్డుకునే వెనెటోక్లాక్స్ 2016లో అమెరికాలో అనుమతి పొంది ఇప్పుడు మన దగ్గర కూడా వాడుతున్నారు. కాపలా తీసేస్తే ఆకు రాలుతుంది.

సింహాచలం_మాస్టారు
లుకేమియా అంటే మన యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలచుకోకుండా ఉండలేను. భీమవరంలో పుట్టిన మనిషి. ఆయన బృందం తయారు చేసిన అమినోప్టెరిన్‌తోనే 1948లో సిడ్నీ ఫార్బర్ పిల్లల లుకేమియాని మొదటిసారి కొంతకాలం తగ్గించగలిగాడు. మైత్రీ, వీలైతే ఆ పేరు ఒక స్లైడ్ మీద పెట్టు.

మద్దిలపాలెం_మైత్రి
పెడతాను మాస్టారూ.

గాజువాక_గిరి
చివరిగా ఒకటి. థైమస్ వయసుతో ఎండిపోతుందంటారు. నాకు 54. మరి నా టీ కణాలు ఎక్కడివి?

పాథాలజీ_పద్మ
యుక్తవయసు నుంచి థైమస్ తగ్గుతూ, దాని చోట కొవ్వు చేరుతుంది. కొత్త కణాలు బాగా తగ్గుతాయి కానీ పూర్తిగా ఆగవు. మీ దగ్గరున్నవి ఎక్కువగా చిన్నప్పుడు తయారైనవి, బయటే విభజన చెందుతూ నిలబడ్డవి. ఐఎల్-7 అనే కబురు అందుతున్నంత కాలం వాటిలో బీసీఎల్-2 నిలబడి ఉంటుంది, అవి బతుకుతాయి. ఆ ఐఎల్-7 గ్రాహకం లేకుండా పుట్టిన పిల్లలకి టీ కణాలే ఉండవు. పెద్దవాళ్ళలో థైమస్ ఎందుకూ పనికిరాదని మేం కూడా అనుకునేవాళ్ళం. 2023లో అమెరికా నుంచి వచ్చిన ఒక అధ్యయనంలో, థైమస్ తీసేసిన పెద్దవాళ్ళలో ఐదేళ్ళలో 8.1 శాతం మంది చనిపోయారు. అలాంటి ఛాతీ ఆపరేషనే అయినా థైమస్ ఉంచినవాళ్ళలో 2.8 శాతం. మయస్తీనియా అనే కండరాల బలహీనత జబ్బుకో, గడ్డకో తియ్యాల్సి వస్తే తియ్యాల్సిందే. ఊరికే తియ్యకూడదు.

మద్దిలపాలెం_మైత్రి
ఈ రోజు సెమినార్ అయిపోయింది. ఇరవై నిమిషాలు అనుకున్నది నలభై అయింది. మొదట హుద్‌హుద్ తర్వాత బీచ్ రోడ్ ఫొటో, పక్కన మా క్యాంపస్‌లో రాలిన బాదం ఆకు పెట్టాను. రెండు మరణాల తేడా దాంతోనే అందరికీ తెలిసిపోయింది. బయటి నుంచి వచ్చిన మేడమ్ సరిగ్గా నేను భయపడిన ప్రశ్నే అడిగారు, "ఇంత వృథా ఎందుకు?" అని. నాలుగు రోజుల గడియారం చెప్పాను, ఆయుష్షు తగ్గిస్తే ఏ గ్రాహకాలు పోతాయో బోర్డు మీద గీశాను. ఆవిడ సుద్దముక్క తీసుకుని వచ్చి నా బొమ్మలోనే ఇంకో గీత కలిపారు. మాధవి అక్క కేసు చెప్పినప్పుడు, టీబీ మాట కూడా చెప్పాను. అప్పుడు వెనక బెంచీలో ఒకబ్బాయి లేచి, వాళ్ళ చెల్లెలికి మెడలో బిళ్ళలు ఎనిమిది నెలలుగా తగ్గట్లేదని, ఎవరికి చూపించాలని అడిగాడు. పద్మ మేడమ్, మీకు మెసేజ్ పెట్టాను, చూడండి.

పాథాలజీ_పద్మ
చూశాను. రేపు ఉదయం పది తర్వాత రిపోర్టులన్నీ పట్టుకుని రమ్మను. వాడిన మందుల చీటీలు కూడా తెమ్మను.

ఎంవీపీ_మాధవి
మైత్రీ, ఆ అబ్బాయి వాళ్ళ అమ్మకి నా నంబర్ ఇవ్వు. ఆ స్లైడ్లు తెలుగులో ఉంటే నాకు పంపుతావా? మా అత్తగారు ఐదేళ్ళుగా అడుగుతున్నారు, మనవడికి అసలు ఏమైందని.

మద్దిలపాలెం_మైత్రి
ఇంగ్లీషులో ఉన్నాయక్కా. ఈ ఆదివారం కూర్చుని తెలుగులో రాసి తెస్తాను. పంపడం కాదు, నేనే వచ్చి మీ అత్తగారికి చెబుతాను. బాదం ఆకు కూడా తెస్తా.